కన్నీటికి కాలువ

నాయనా, నీ స్నేహితుణ్ణి మట్టికి అప్పగించి వచ్చావు. పెట్టె మీద పిడికెడు మన్ను వేసి, చేతులు కడుక్కొని, తల వంచుకొని ఇల్లు చేరావు. పాదిరిగారు చదివిన వాక్యం చెవికెక్కిందో లేదో, అందరూ పాడిన కీర్తనలో నీ గొంతు కలిసిందో లేదో నీకే తెలియదు. మర్నాడు ఏదో చిన్న సంగతి చెప్పాలని అలవాటుగా ఫోను తీసి ఉంటావు. అతని పేరు దగ్గర వేలు ఆగిపోయి ఉంటుంది. మరణమంటే ఏమిటో మనిషికి బోధపడేది గోతి దగ్గర కాదు, ఇక్కడ. చెప్పవలసిన మాట నోట్లోనే ఉంది. వినవలసిన చెవి లేదు.

ఈ వేళ నీకు హితవు చెప్పేవారు ఇద్దరు వస్తారు. ఒకరు నీ భుజం తట్టి, “విశ్వాసులం కదా, ఏడవకూడదు. ప్రభువు దగ్గరికి వెళ్ళినవాడి కోసం కన్నీళ్ళేమిటి?” అంటారు. ఇంకొకరు, “కాలమే మాన్పుతుంది. నాలుగు రోజులు ఎటైనా తిరిగి రా” అంటారు. మొదటిది భక్తిలా వినిపిస్తుంది, రెండోది లోకజ్ఞానంలా. రెండు మాటల్లోనూ కాస్త నిజముంది. కాని ఆ కాస్త నిజాన్నే పట్టుకొని నడిస్తే దారి తప్పుతావు. అందుకే కొంచెం కూర్చోబెట్టి, తొందర లేకుండా చెబుతున్నాను, విను.

బేతనియలో లాజరును సమాధిలో పెట్టి నాలుగు రోజులైంది. తాను అతన్ని నిద్ర లేపడానికి వెళ్తున్నానని యేసుప్రభువు బయలుదేరక ముందే శిష్యులతో చెప్పాడు. అంటే, కొద్దిసేపట్లో సమాధి మీది రాయి తొలగుతుందనీ, ప్రేతవస్త్రాల కట్లతోనే స్నేహితుడు బయటికి వస్తాడనీ ఆయనకు తెలుసు. మనలో ఎవరికీ లేని నిశ్చయం ఆయనకుంది. అయినా లాజరు సోదరి మరియ ఏడుపు చూసి ఆయన లోలోపల కలతపడ్డాడు. నలుగురి ఎదుట ఏడ్చాడు. చూసినవారు దాన్ని ప్రేమ అనుకున్నారే గాని విశ్వాసలోపం అనుకోలేదు. పునరుత్థానం తన చేతిలోనే ఉన్నవాడు ఏడ్చిన చోట, దానికోసం ఎదురుచూసేవాడు ఏడవకూడదని శాసించడానికి మనమెవరం?

పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన లేఖ తెరిచి చూడు. మొదటి అధ్యాయంలో, చావు తనకు లాభమేనంటాడు. రెండో అధ్యాయానికి వచ్చేసరికి, తన జతపనివాడైన ఎపఫ్రొదితు జబ్బుపడి చావు అంచుదాకా వెళ్ళి బతికిన సంగతి చెబుతూ, దేవుడు అతన్నే కాదు తననూ కరుణించాడనీ, లేకపోతే దుఃఖం మీద దుఃఖం మోయవలసి వచ్చేదనీ ఒప్పుకుంటాడు. తన చావును లాభమని లెక్కకట్టినవాడు తోటివాడి చావును ఆ లెక్కలో వేయలేకపోయాడు. సైద్ధాంతికంగా ఇందులో పొంతన లేదనిపించవచ్చు. ప్రేమించిన మనిషికి మాత్రం ఇందులో అర్థం కానిదేమీ లేదు. స్తెఫను సంగతీ అంతే. ఆకాశం తెరుచుకోవడం చూస్తూ కన్నుమూశాడు ఆయన. అలాంటివాణ్ణి పాతిపెట్టిన భక్తిపరులు సైతం గుండెలవిసేలా ఏడ్చారని అపొస్తలుల కార్యములు దాచకుండా చెబుతుంది.

కనుక ఏడువు. “మంచివాళ్ళనే దేవుడు ముందు తీసుకుపోతాడు” అని ఓదార్పుకోసం ఎవరైనా అంటే వారి మనసు నొప్పించకు, కాని ఆ మాటను గుండెలో నాటుకోకు. మరణం దేవుని పూలతోటమాలి అని వాక్యం ఎక్కడా చెప్పలేదు. నాశనం కాబోయే చివరి శత్రువని చెప్పింది. శత్రువు చేసిన గాయానికి నొప్పి పుట్టడం ఆరోగ్యమే.

ఇక రెండో మాట, కాలమే మాన్పుతుందన్నది. దీనికి నీ ముందు ఒక సాక్షిని నిలుపుతాను. అగస్టీను 354లో ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తెలో పుట్టాడు. నేటి అల్జీరియాలోని సూక్ అహ్రాస్ అదే. తర్వాత హిప్పో పట్టణానికి బిషప్పై, నలభై దాటిన వయసులో ‘కన్ఫెషన్స్’ అనే పదమూడు భాగాల గ్రంథంలో తన బతుకును దేవుని ఎదుట విప్పి చెప్పాడు. అందులో నాలుగో భాగాన్ని స్నేహితుణ్ణి పోగొట్టుకున్న ప్రతివాడూ ఒకసారి చదవాలి.

సొంత ఊళ్ళో పాఠాలు చెప్పుకుంటున్న ఆ రోజుల్లో, ఇరవై దాటిన అగస్టీనుకు ఒక నేస్తం ఉండేవాడు. ఒకే ఊళ్ళో పెరిగారు, ఒకే బడిలో చదివారు, కలిసి ఆడుకున్నారు. ఆ పరిచయం గాఢమైన స్నేహంగా మారి నిండా ఏడాది కాలేదు. అప్పటికి అగస్టీను మానీ అనే బోధకుడి మతంలో ఉన్నాడు; క్రైస్తవుడైన నేస్తాన్నీ అటే లాగాడు. ఇంతలో అతనికి జ్వరం వచ్చి స్పృహ తప్పింది. బతకడనుకొని ఆ స్థితిలోనే బాప్తిస్మం ఇచ్చారు. కాస్త తేరుకున్నాక, అతడూ తనతో కలిసి నవ్వుతాడనుకొని అగస్టీను ఆ బాప్తిస్మాన్ని ఎగతాళి చేశాడు. నేస్తం అతన్ని శత్రువును చూసినట్టు చూశాడు. నా స్నేహం కావాలంటే ఆ మాటలు మానుకో అన్నాడు. ఒళ్ళు బాగయ్యాక నచ్చజెప్పవచ్చులే అని అగస్టీను ఊరుకున్నాడు. కొద్ది రోజులకే జ్వరం తిరగబెట్టింది. అగస్టీను దగ్గర లేని సమయంలో ఆ యువకుడు పోయాడు. ఇద్దరి మధ్యా తేలకుండా మిగిలింది ఆ ఎగతాళి, ఆ కోపం.

తర్వాత జరిగింది నీకు నేను చెప్పనక్కర లేదు, నీవే అనుభవిస్తున్నావు. ఎటు చూసినా అగస్టీనుకు చావే కనిపించింది. సొంత ఊరు శిక్షలా, తండ్రి ఇల్లు పరాయి కొంపలా తోచింది. ఇద్దరూ కలిసి తిరిగిన చోట్లన్నీ పగబట్టినట్టనిపించాయి. ఇదిగో వస్తున్నాడు అని చెప్పడం అవి మానేశాయి మరి. ఎందుకింత దుఃఖమని తన ఆత్మనే అడిగాడు. దాని దగ్గర జవాబు లేదు. దేవుణ్ణి నమ్ముకో అని దానికి చెప్పాడు. అది వినలేదు. వినకపోవడమే సబబని తర్వాత ఆయనే అన్నాడు. ఎందుకంటే, ఆనాడు అతడు దేవుడనుకున్నది మానీ మతం అల్లిన ఒక ఊహ. పోయిన నేస్తం రక్తమాంసాలున్న మనిషి. ఊహను పట్టుకొని నిజమైన మనిషి లోటును తీర్చుకోమంటే ఏ ఆత్మ ఒప్పుకుంటుంది?

చివరికి తగాస్తె వదిలి కార్తేజి చేరాడు. రోజులు గడిచాయి. కొత్త స్నేహితులు, వారితో కబుర్లు, నవ్వులు, కలిసి చదవడాలు, అప్పుడప్పుడు కోపం లేని వాదనలు. వీటివల్ల నొప్పి మెల్లగా తగ్గింది. చూశావా, కాలం మాన్పుతుందన్న మాట పూర్తి అబద్ధం కాదు. కాని అగస్టీను అక్కడితో ఆగలేదు. ఆ పాత దుఃఖం పోయిన చోటికి కొత్త దుఃఖాలు రాకపోయినా, కొత్త దుఃఖాలకు కారణాలు వచ్చి చేరాయన్నాడు. రేపు పోయేవాళ్ళను, ఎన్నటికీ పోనివాళ్ళన్నట్టు మళ్ళీ ప్రేమించడం మొదలుపెట్టాడు. తన గుండెను ఇసుకలో పారబోశానని ఆయన చెప్పుకున్నది దీని గురించే.

ఇసుక నీటిని తాగుతుంది, కాని నిలుపదు. ఎన్ని కుండలు పోసినా పైన తడి చారే మిగులుతుంది. మన ఊళ్ళలో పొలం చేసేవాడికి ఇది చెప్పనక్కర లేదు. నీళ్ళు తక్కువైన చేను ఎండుతుంది, నిజమే. కాలువ లేని నీళ్ళు ఎన్ని ఉన్నా చేను ఎండుతుంది. దుఃఖంలో ఉన్నవాడికి నీళ్ళు తగ్గించమని చెప్పడం హితవు కాదు. కాలువ తవ్వి చూపించడం హితవు.

అదే అగస్టీను జీవితంలో ఆ కాలువ ఎప్పుడు పడిందో చూడు. 387 ఈస్టరు నాడు మిలానులో బిషప్ అంబ్రోసు చేత బాప్తిస్మం పొందాడు. అదే ఏడాది ఆఫ్రికాకు తిరుగు ప్రయాణంలో, రోముకు రేవైన ఓస్తియాలో తల్లి మోనిక కన్నుమూసింది. అప్పుడు ఆమెకు యాభై ఆరో ఏడు, కొడుకుకు ముప్ఫై మూడో ఏడు. తల్లి కళ్ళు తనే మూశాడు. తన కొడుకు అడియోడాటస్ ఘొల్లుమంటే పెద్దలు వారించారు. ఒక మిత్రుడు కీర్తన ఎత్తుకున్నాడు. తల్లి విశ్వాసంతో వెళ్ళింది కనుక ఏడవకూడదని అగస్టీను బిగబట్టుకున్నాడు. నీ భుజం తట్టినవాడి మాటే ఆనాడు ఆయన మనసులోనూ ఉంది. స్నానం చేస్తే బరువు దిగుతుందేమోనని స్నానశాలకు వెళ్ళాడు, దిగలేదు. నిద్రపోయి లేచాక కట్ట తెగింది. దేవుని ఎదుట, ఏకాంతంగా, తల్లి కోసం ఏడ్చాడు. దీన్ని తప్పుపట్టేవారు నవ్వకుండా, తన పాపాలకోసం ఏడిస్తే మేలని తర్వాత రాసుకున్నాడు.

ఆ కన్నీళ్ళు తగాస్తె కన్నీళ్ళకన్నా తక్కువా? కొలిచి చెప్పలేం. కాని అప్పుడవి ఇసుకలో ఇంకాయి, ఇప్పుడు ఒకరి సన్నిధిలో కారాయి. వెనుక ఊహ తప్ప మరేమీ లేనివాడు మిత్రుడి మీదే సర్వభారం వేస్తాడు. మిత్రుడు కూలితే వాడూ కూలుతాడు. దేవునిలో మిత్రుణ్ణి ప్రేమించేవాడికి గాయమవుతుంది, కాని నేల కదలదు.

అసలు మన నిరీక్షణ ఏమిటో సరిగ్గా తెలుసుకో. “జ్ఞాపకాల్లో బతికే ఉంటాడు” అన్నంత చిన్నది కాదు అది. జ్ఞాపకం ఉంచుకునేవాడూ ఒకనాడు పోతాడు. అప్పుడు ఆ జ్ఞాపకానికి ఇల్లేది? దేహం వదిలిన ఆత్మ ఎక్కడో హాయిగా ఉందన్నదీ పూర్తి సంగతి కాదు. క్రీస్తుశకం 50 ప్రాంతంలో థెస్సలొనీకలో కొత్తగా నమ్మినవారు ప్రభువు రాకడకోసం చూస్తుండగానే కొందరు చనిపోయారు. పోయినవారు ఆ దినాన్ని కోల్పోయారేమోనని మిగిలినవారు కుమిలిపోయారు. పౌలు వారికి దుఃఖపడవద్దని రాయలేదు. ఆశ లేనివారి దుఃఖంలా ఉండనివ్వవద్దని రాశాడు. కారణంగా ఒక సంఘటన చూపాడు: యేసు చనిపోయి లేచాడు. ఆయనయందు నిద్రించినవారూ లేస్తారు, ఉన్నవారూ పోయినవారూ కలిసి ప్రభువును ఎదుర్కొంటారు. ఆ ‘కలిసి’ అన్నదాన్ని గట్టిగా పట్టుకో. నీ స్నేహితుణ్ణి దేవుడు ఏదో మహాసముద్రంలో బొట్టుగా కలిపేయడు. పేరుతో పిలిచి లేపుతాడు.

అందుకే గ్రీకు మాట్లాడిన తొలి క్రైస్తవులు శ్మశానానికి నిద్రించే చోటు అనే అర్థమున్న మాట వాడారు. ఇంగ్లీషులో సెమెటరీ అయింది ఆ మాటే. మన సమాధుల మీద ‘ప్రభువునందు నిద్రించెను’ అని చెక్కించడంలోనూ అదే ఒప్పుకోలుంది. నవంబరు 2న కతోలికులు సమాధులకు సున్నం వేసి, పూలు పరచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఈస్టరు నాడు తెల్లవారకముందే ఎన్నో సంఘాలు సమాధుల తోటకు చేరి పునరుత్థాన గీతాలు పాడతాయి. చావు జరిగిన చోటికే వెళ్ళి, చావుకు వినపడేలా పాడటం అది. ఈసారి నీవూ వెళ్ళు. గొంతు పెగలకపోతే పెదవులు కదుపు. పక్కవాడి గొంతు నీకోసం పాడుతుంది. సంఘం ఉన్నది అందుకే.

నీ గుండెలో ఇంకొక ముల్లు ఉండవచ్చు. అతనితో తేల్చుకోని మాట ఏదో మిగిలి ఉంటుంది. ఆసుపత్రికి రేపు వెళ్దామనుకొని వెళ్ళకపోయి ఉంటావు. చిన్న మాట పట్టింపుకు నెలల తరబడి మౌనంగా ఉండి ఉంటావు. ఇలాంటి ముల్లు మోసినవారు నీకు ముందూ ఉన్నారు. నజియాంజుకు చెందిన గ్రెగరీ, కైసరయకు చెందిన బాసిలు ఏథెన్సులో కలిసి చదువుకున్న ప్రాణమిత్రులు. 372లో బాసిలు, ససీమా అనే దుమ్ముకొట్టుకుపోయిన మజిలీ ఊరికి గ్రెగరీని బిషప్పుగా వేశాడు. గ్రెగరీ మనసు విరిగింది. 379లో బాసిలు చనిపోయేనాటికి ఆయన జబ్బుతో మంచాన ఉండి అంత్యక్రియలకు వెళ్ళలేకపోయాడు. రెండు మూడేళ్ళ తర్వాత కైసరయలో నిలబడి మిత్రుడి స్మృతిప్రసంగం చేశాడు. దానంత సుదీర్ఘమైన, ప్రేమ నిండిన స్తుతులు అరుదు. అందులోనూ ఆ ససీమా నొప్పిని దాచలేదు. చెప్పి, దాటి, మిత్రుణ్ణి ఆకాశానికెత్తాడు. నీవూ అలాగే చెయ్యి. పోయినవాణ్ణి అబద్ధపు పరిశుద్ధుణ్ణి చేయనక్కర లేదు. నిన్ను నీవు హంతకుణ్ణి చేసుకోనక్కర లేదు. నీవు అడగలేకపోయిన క్షమాపణను ఇద్దరికీ ప్రభువైనవాణ్ణి అడుగు. ఆ దినాన మీరిద్దరూ ఎదురుపడినప్పుడు, ఆ సంగతి ఎప్పుడో తేలిపోయి ఉంటుంది.

అతని విశ్వాసం గట్టిదో బలహీనమైనదో, చివరి గడియలో ఏం తలుచుకున్నాడో అని నిద్ర పట్టకపోతే ఒక సంగతి గుర్తుంచుకో. అగస్టీను నేస్తం స్పృహలో లేనప్పుడు పొందిన బాప్తిస్మాన్ని తనదిగా గట్టిగా పట్టుకుంటాడని ఎవరూ అనుకోలేదు, అందరికన్నా దగ్గరివాడైన అగస్టీను అసలే అనుకోలేదు. మనిషి లోతు పక్కనున్నవాడికి తెలియదు. తీర్పు పీఠం ఖాళీగా లేదు. దాని మీద కూర్చున్నవాడి చేతుల్లో మేకుల గుర్తులున్నాయి. అక్కడ వదిలిపెట్టు.

ఇప్పుడు కాలువ సంగతి. దావీదు తన ప్రాణమిత్రుడు యోనాతాను కోసం ఏడ్చిన ఏడుపు లోకప్రసిద్ధం. చావు కబురు విన్నప్పుడే విలాపగీతం కట్టి, యూదావారికి నేర్పించమన్నాడు. యోనాతాను ఇంటివారి మీద దయ చూపుతానని అంతకు ముందెన్నడో ప్రమాణం కూడా చేశాడు. మరి యోనాతాను కొడుకు మెఫీబోషెతు ఏమయ్యాడు? తండ్రి చావు కబురు వచ్చినప్పుడు వాడికి ఐదేళ్ళు. ఎత్తుకొని పారిపోతున్న దాది చేతిలోంచి పడి రెండు కాళ్ళూ కుంటివయ్యాయి. లోదెబారులో ఎవరి ఇంట్లోనో తలదాచుకొని పెరిగాడు. యోనాతాను తండ్రి సౌలు ఇంటివాళ్ళు ఎవరైనా మిగిలారా అని దావీదు ఒకనాడు అడిగి తెలుసుకోవలసి వచ్చింది. పిలిపించేనాటికి ఆ పిల్లవాడు తనే ఒక బిడ్డకు తండ్రయ్యాడు. నాయనా, పాట వెంటనే వచ్చింది. అన్నం ఏళ్ళు గడిచాక వచ్చింది. అయినా వచ్చింది, అది దావీదు ఘనత. తాతగారి పొలాలు తిరిగి ఇప్పించి, రాజు బల్ల దగ్గరే రోజూ భోజనం పెట్టాడు. ఆ ఆలస్యం మాత్రం నీవు చేయకు.

స్టేటస్‌లో ఫోటో పెట్టావు, ఆదరణ కూటంలో రెండు మాటలు మాట్లాడావు, మంచిదే. అతని పిల్లల బడి ఫీజు కట్టవలసిన నెల నీకు తెలుసా? అతను నీ దగ్గర తీసుకున్న చేబదులు ఉంటే, అడగకుండా మరచిపోగలవా? నీవే అతనికి బాకీ ఉంటే, సాక్షి ఎవరూ లేరు గదా అని ఊరుకోకుండా వెళ్ళి ఇచ్చిరాగలవా? యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకు చూపించింది ఆమె కుట్టిన అంగీలనూ వస్త్రాలనూ. నీ స్నేహితుడు ఏ పని సగంలో వదిలాడో చూడు. ఆదివారపు బడిలో ఏ పిల్లలకు పాఠం చెప్పేవాడో, ఏ ముసలమ్మకు నెలనెలా మందులు తెచ్చిచ్చేవాడో వెతుకు. నీ కన్నీరు అటు పారనీ.

బతికున్న స్నేహితులనూ చూసుకో. వారిలో ఎవరితోనైనా పంతం నడుస్తుంటే ఈ వారమే దించుకో. వీళ్ళూ పోయేవాళ్ళే, నీవూ పోయేవాడివే. ఆ సంగతి తెలిసి ప్రేమించేవాడి ప్రేమ ఆలస్యం చేయదు.

చివరగా ఇంకొక మిత్రుడి మాట చెప్పి ముగిస్తాను. నెబ్రిడియస్ అనే యువకుడు కార్తేజి దగ్గరి సొంత భూములనూ తల్లినీ విడిచి, సత్యాన్వేషణలో అగస్టీనుతో కలిసి ఉండాలని మిలాను దాకా వెళ్ళాడు. ఇద్దరూ ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నారు. అతడూ క్రైస్తవుడై, ఆఫ్రికాకు తిరిగి వచ్చి, ఇంటివారందరినీ విశ్వాసంలోకి తెచ్చి, 390 ప్రాంతంలో చిన్న వయసులోనే పోయాడు. తగాస్తె నేస్తం పోయినప్పుడు దిక్కులు పిక్కటిల్లేలా రోదించినవాడు ఈ నేస్తం గురించి ఎలా రాశాడో చూడు. నెబ్రిడియస్ ఇప్పుడు అబ్రాహాము రొమ్మున ఉన్నాడన్నాడు. ఆ చోటు ఎలాంటిదో తనకు తెలియదన్నట్టే మాట్లాడాడు. ప్రశ్న వెంట ప్రశ్న అడిగి తన నోటికి చెవి ఒగ్గి వినేవాడు, ఇప్పుడు దేవుని ఊట దగ్గరే నోరుపెట్టి తాగుతున్నాడన్నాడు. ఎంత తాగినా తనను మరచిపోయేంత మత్తు అతనికి ఎక్కదు, ఎందుకంటే అతడు తాగుతున్న ఆ దేవుడే తనను మరచిపోలేదు కదా అని నమ్మాడు.

వినే చెవి లేకుండా పోయిందని కదా నీ బాధ? ఆ చెవి మూతపడలేదు, ఇంకా మంచి మాట వింటోంది. నీవు చెప్పవలసినవన్నీ దాచుకో. చెప్పే రోజు వస్తుంది. ఈలోగా అతని ఇంట్లో చెప్పే నోళ్ళున్నాయి, వినేవాళ్ళు లేరు. దినం అయిపోయింది, చుట్టాలు వెళ్ళిపోయారు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక అటు వెళ్ళు. అతని తల్లి పక్కన కూర్చో. కొడుకు చిన్నప్పుడు చెరువులో పడబోయిన కథో, పరీక్ష తప్పి దాక్కున్న కథో, నీకు నాలుగుసార్లు తెలిసిందే మళ్ళీ చెబుతుంది. తెలుసునని అనకు. అమ్మా, తర్వాత ఏమైంది అని అడుగు.